హెలికాప్టర్ కొనే ముందు ఫోన్ దగ్గర ఎవరుంటారో తేల్చండి

అత్యవసర సేవల కోసం హెలికాప్టర్ ప్రతిపాదనలు పరిశీలిస్తున్న పోలీసు, ఆరోగ్య, ఆర్థిక శాఖల అధికారులకు,

నమస్కారం.

మీ టేబుల్ మీదున్న ఫైలులో ఏముంటుందో ఊహించడం పెద్ద కష్టం కాదు. రెండు ఇంజిన్ల హెలికాప్టర్ ఒకటి. ముక్కు కింద ఒంటి వేడిని బట్టి చీకట్లోనూ మనిషిని చూపించే థర్మల్ కెమెరా, పక్కన సెర్చ్‌లైట్, లోపల అవసరమైనప్పుడు బిగించుకునే స్ట్రెచర్. పొద్దున తప్పిపోయిన మనిషిని వెతుకుతుంది, సాయంత్రం యాక్సిడెంట్‌లో దెబ్బలు తగిలినవాళ్లను ఆసుపత్రికి చేరుస్తుంది. ఒకే ఖర్చుతో రెండు శాఖల అవసరం తీరిపోతుంది. కాగితం మీద ఇది ఎవరికైనా నచ్చుతుంది, ఆర్థిక శాఖకైతే మరీనూ.

నేను పైలట్‌ని కాను, డాక్టర్‌నీ కాను. ఎమర్జెన్సీ కంట్రోల్ రూములో ఏళ్ల తరబడి ఫోన్లు ఎత్తి, బండ్లు పంపిన మనిషిని. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల చేతికి ఇలాంటి ఫైలు ఇస్తే వెంటనే వెతికే కాగితం ఒకటుంటుంది. హెలికాప్టర్ ఎప్పుడు లేవాలో ఎవరు చెబుతారు, వద్దని ఎవరు చెప్పగలరు, రెండు కాల్స్ ఒకేసారి వస్తే ముందు దేనికి పంపాలో ఎవరు తేలుస్తారు అన్న కాగితం. అది లేకుండా టెండర్ పిలవొద్దని అడగడానికే ఈ ఉత్తరం.

ముందు రెండు పనులకూ ఉన్న తేడా చూడండి. పోలీసు హెలికాప్టర్ ఎక్కువసేపు గాల్లో ఉండాలి. అడవి అంచునో, ఊరి శివారులోనో చాలాసేపు చక్కర్లు కొట్టాలి, అందుకని ఇంధనం నిండుగా పోసుకుని లేస్తుంది. లోపల కెమెరా చూసే మనిషికి స్క్రీను, మ్యాపు, రేడియోలు ఉంటాయి. ఎయిర్ అంబులెన్స్ పని వేరు. ఇరుకు చోట దిగాలి, మనిషిని ఎక్కించుకుని అక్కడి నుంచే మళ్లీ పైకి లేవాలి. ఆక్సిజన్, వెంటిలేటర్, మానిటర్, మందుల సంచులు, డాక్టరు, పారామెడిక్ (అత్యవసర వైద్యంలో శిక్షణ పొందిన సిబ్బంది), పేషెంట్, ఇలా ప్రతి కిలోకీ లెక్క ఉంటుంది. ఎండ ముదిరితే గాలి పలచబడి రోటర్ ఎత్తగలిగే బరువు తగ్గుతుంది. కొండ ప్రాంతాల్లోనూ అంతే. దొంగ కోసం నిండు ట్యాంకుతో తిరుగుతున్న హెలికాప్టర్‌ను "దగ్గర్లోనే ఉన్నారుగా, వెళ్లి పేషెంట్‌ని ఎక్కించుకోండి" అంటే, అది దిగగలదేమో గానీ పేషెంట్‌తో లేవలేకపోవచ్చు. ఈ లెక్క పైలట్‌కు తెలుసు. ఫోన్లో ఆర్డర్ వేసే పై అధికారికి తెలియాలని లేదు.

ఒకే హెలికాప్టర్‌ను ఇద్దరూ వాడుకున్న చోట్లు లేవని కాదు. ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో 1990 నుంచి 2014 చివరి దాకా పోలీసులు, అంబులెన్స్ వాళ్లు ఒక హెలికాప్టర్‌నే పంచుకున్నారు. దాదాపు పాతికేళ్లు నడిచిందంటే తీసిపారేయదగ్గ ఏర్పాటు కాదు. అయితే ఇంగ్లండ్, వేల్స్‌లోని పోలీసు హెలికాప్టర్లను ఒక గొడుగు కిందికి తేవడానికి 2012లో నేషనల్ పోలీస్ ఎయిర్ సర్వీస్ మొదలైంది. విల్ట్‌షైర్ పోలీసులు కూడా అందులో కలిసిపోవడంతో ఆ పొత్తు ముగిసింది. అంబులెన్స్ వాళ్లు తమకంటూ వేరే హెలికాప్టర్ తెచ్చుకోవాల్సి వచ్చింది. యంత్రం బాగానే ఉంది, దాన్ని పంపే అధికారం చేతులు మారింది. మీ పొత్తుకూ రేపు ఇదే గతి పట్టొచ్చు. అప్పుడు హెలికాప్టర్ ఎవరికి మిగులుతుందో ఒప్పందంలో ఇప్పుడే రాసుకోవడం మంచిది.

జర్మనీలో ఇంకో పద్ధతి ఉంది. అక్కడ నారింజ రంగు పౌర రక్షణ హెలికాప్టర్లు కనిపిస్తాయి. 12 స్థావరాల నుంచి పనిచేస్తాయి. నడిపేది ఫెడరల్ పోలీసు పైలట్లు. లోపల ఉండేది ఎమర్జెన్సీ డాక్టరు, పారామెడిక్. మామూలు రోజుల్లో అవి పేషెంట్ల పనికే. పోలీసు పనులకు ఫెడరల్ పోలీసుల దగ్గర వేరే హెలికాప్టర్లు ఉన్నాయి. అంటే పైలట్లనూ మెయింటెనెన్స్‌నూ పంచుకున్నారు, డ్యూటీలో ఉన్న హెలికాప్టర్‌ను మాత్రం పంచుకోలేదు. మీకు డబ్బు మిగలాలంటే మిగుల్చుకోవాల్సింది ఇక్కడ. హ్యాంగర్ ఒకటే పెట్టండి, మెకానిక్‌లను కలిపి తీసుకోండి, వాతావరణ సమాచారం ఒకే చోటి నుంచి తెప్పించుకోండి. పేషెంట్ కోసం సిద్ధంగా ఉన్న హెలికాప్టర్ మీద మాత్రం రెండు శాఖలూ చేతులు వేయొద్దు.

అమెరికాలోని మేరీల్యాండ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ఫైలులో ఉన్న ఏర్పాటుకు అది బాగా దగ్గర. అక్కడ స్టేట్ పోలీసులే పేషెంట్లనూ మోస్తారు, పారామెడిక్ కూడా పోలీసే. 1970 మార్చిలో ప్రమాదంలో గాయపడిన మనిషిని వాళ్ల హెలికాప్టర్ బాల్టిమోర్‌లో తీవ్ర గాయాలకు చికిత్స చేసే ట్రామా సెంటర్‌కు చేర్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు అది అందరూ మెచ్చుకున్న సర్వీసు. 2008 సెప్టెంబర్ 27 రాత్రి కారు ప్రమాదంలో గాయపడిన ఇద్దరి కోసం ఒక హెలికాప్టర్ లేచింది. ఇద్దరినీ ఎక్కించుకుంది. ఆసుపత్రి వైపు వెళ్తుండగా పొగమంచు కమ్మింది. దారి మళ్లించుకుని ఆండ్రూస్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో దిగబోయి, రన్‌వేకు చేరకముందే చెట్లలో కూలిపోయింది. పైలట్, పారామెడిక్, సాయంగా వెళ్లిన అంబులెన్స్ సిబ్బంది ఒకరు, ఇద్దరు పేషెంట్లలో ఒకరు చనిపోయారు.

నేల కనబడుతుందేమోనని పైలట్ వేగంగా కిందికి దించడం, అంతకన్నా కిందికి దిగకూడని ఎత్తు దగ్గర ఆగకపోవడం ప్రమాదానికి కారణమని దర్యాప్తు చేసిన అమెరికా రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. తోడైన కారణాల్లో ఒకటి మీరు ప్రత్యేకంగా చదవాలి. వాతావరణాన్ని సరిగ్గా అంచనా వేయకుండా ఆ ట్రిప్‌కు ఒప్పుకోవడం. ఇన్‌స్ట్రుమెంట్ల సాయంతో నడపడంలో పైలట్‌కు ఈమధ్య అలవాటు తక్కువ కావడం, రిస్క్ బేరీజు వేసే పద్ధతిని సంస్థ సరిగ్గా పాటించకపోవడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పోలీసు పైలట్లకు ఈ విషయం ముఖ్యం. మంచి వాతావరణంలో ఊరి మీద తిరిగే అనుభవం ఎంత ఉన్నా, మబ్బులో ఇన్‌స్ట్రుమెంట్లు చూసి దించడం వేరే విద్య. సాధన ఆగితే అది చేజారుతుంది. మీ బడ్జెట్‌లో శిక్షణ గంటలు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి. మొదటి కోత ఎప్పుడూ అక్కడే పడుతుంది.

ఆ ప్రమాదం తర్వాత మేరీల్యాండ్‌లో నిబంధన మార్చారు. గాయాలు పైకి అంత తీవ్రంగా లేకుండా, ప్రమాదం జరిగిన తీరు చూసి మాత్రమే హెలికాప్టర్ పిలిచే సందర్భాల్లో ముందు ట్రామా సెంటర్ డాక్టర్‌తో మాట్లాడాలి. గాల్లో వెళ్లే పేషెంట్ల సంఖ్య బాగా తగ్గిపోయింది. హెలికాప్టర్లు అవే, రోడ్లూ అవే. అడగాల్సిన మనిషిని అడగడం ఒక్కటే కొత్తగా వచ్చింది.

2008 అమెరికా ఎయిర్ అంబులెన్సులకు చాలా చెడ్డ సంవత్సరం. 2014లో అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధనలు బిగించింది. లేచే ముందు రిస్క్ లెక్క వేయాలి, నేల దగ్గరపడితే హెచ్చరించే పరికరం ఉండాలి, పది లేదా అంతకన్నా ఎక్కువ హెలికాప్టర్లు నడిపే సంస్థలకు ప్రత్యేకంగా ఆపరేషన్స్ కంట్రోల్ సెంటర్ ఉండాలి. ఈ వృత్తిలో ఉన్నవాళ్లు పాటించే ఇంకో పద్ధతి ఉంది, బయటివాళ్లకు వింతగా ఉంటుంది. పేషెంట్ గురించి పైలట్‌కు చెప్పరు. చిన్నపిల్లా, పెద్దవాళ్లా, పరిస్థితి ఎలా ఉంది, ఏదీ చెప్పరు. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత బరువు, అంతే. పసిబిడ్డ అని తెలిస్తే వాతావరణం బాగాలేకపోయినా వెళ్లాలనిపిస్తుంది, పైలట్ కూడా మనిషే. వెళ్లగలమా లేదా అన్నది ఆకాశం చూసి తేల్చాలి. పైలట్ సరేనన్నా, లోపల ఉన్న డాక్టరో పారామెడికో వద్దంటే ఆ ట్రిప్ రద్దు. ముగ్గురూ ఒప్పుకోవాలి, ఆపడానికి ఒక్కరు చాలు.

ఇప్పుడు మీ శాఖల్లో ఇది సాధ్యమేనా చెప్పండి. పోలీసు వ్యవస్థలో పై అధికారి మాటకు ఎదురు చెప్పడం అలవాటు లేదు. "వాతావరణం బాగాలేదు సార్, వెళ్లను" అన్న పైలట్‌కు తర్వాత మెమో రాదని రాతపూర్వకంగా హామీ ఇవ్వగలరా? ఇవ్వలేకపోతే ఎంత మంచి హెలికాప్టర్ కొన్నా టెన్షన్ తగ్గదు.

హెలికాప్టర్‌ను పంపాలా వద్దా తేల్చే బల్ల గురించి లండన్ నుంచి నేర్చుకోవాలి. 1989లో మొదలైన లండన్ ఎయిర్ అంబులెన్స్ రోజుకు సగటున అయిదుగురు పేషెంట్లను చూస్తుంది. అంత పెద్ద నగరానికి అయిదుగురేనా అనిపిస్తుంది. వాళ్ల పారామెడిక్ ఒకరు అంబులెన్స్ కంట్రోల్ రూములో కూర్చుని వచ్చే కాల్స్‌ను జల్లెడ పడతారు. అవసరమైతే ప్రమాదం దగ్గర ఉన్నవాళ్లతో తానే ఫోన్లో మాట్లాడి, ఊపిరి ఎలా ఉంది, మాట్లాడుతున్నాడా, ఎంత ఎత్తు నుంచి పడ్డాడు అని కనుక్కుంటారు. వేల కాల్స్‌లో ఆ కొన్నింటిని పట్టుకోవడమే అసలు పని. స్ట్రోకో, గుండెపోటో, కాలు విరగడమో అయితే మామూలు అంబులెన్స్ వెళ్తుంది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. లండన్‌లో ఆ హెలికాప్టర్ వెళ్లేది ఎక్కువగా పేషెంట్‌ను మోసుకురావడానికి కాదు, డాక్టర్‌ను అక్కడికి చేర్చడానికి. రోడ్డు పక్కనే మత్తు ఇచ్చి శ్వాసనాళంలో గొట్టం వేస్తారు, రక్తం ఎక్కిస్తారు, తప్పనిసరైతే ఛాతీ తెరుస్తారు. 2012 నుంచి రక్తాన్ని వెంట తీసుకెళ్తున్నారు. ఆ తర్వాత పేషెంట్ చాలాసార్లు రోడ్డు మీదే, మామూలు అంబులెన్స్‌లోనే ఆసుపత్రికి వెళ్తాడు, డాక్టరు పక్కన కూర్చుంటారు. రాత్రిపూట ఆ టీమ్ హెలికాప్టర్ వదిలేసి కార్లలో తిరుగుతుంది. మీ ప్రతిపాదనలో డాక్టరు ఉన్నారా? చాలా ప్రతిపాదనల్లో హెలికాప్టర్ మోడల్ మీద నాలుగు పేజీలు, సిబ్బంది మీద ఒక పేరా ఉంటుంది. డాక్టరు లేని హెలికాప్టర్ వేగంగా వెళ్లే స్ట్రెచర్ మాత్రమే, అది కూడా తక్కువ దూరాల్లో వేగం కాదు. ఇంజిన్ స్టార్ట్ చేయాలి, దిగే చోటు వెతకాలి, పేషెంట్‌ను అక్కడి దాకా మోయాలి, కట్టాలి, ఎగరాలి, దిగాక మళ్లీ దించాలి. ఆసుపత్రికి హెలిప్యాడ్ లేకపోతే అక్కడ ఇంకో అంబులెన్స్ ఎదురు రావాలి. ఈలోగా రోడ్డు మీద వెళ్లినవాడు ఎమర్జెన్సీ వార్డులో ఉంటాడు. పైగా లోపల స్థలం తక్కువ, స్టెతస్కోప్‌తో ఏమీ వినబడదు, గుండె ఆగితే ఛాతీ నొక్కడం కూడా కష్టం. దూరాలు, కొండలు, దీవులు, వరదలు ఉన్నచోట లెక్క మారిపోతుంది, అక్కడ హెలికాప్టర్‌కు సాటి లేదు.

దిగే చోటు గురించి ఒక్క ఉదాహరణ చాలు. 2022 మార్చిలో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో డెరిఫోర్డ్ ఆసుపత్రి హెలిప్యాడ్‌పై తీర రక్షక దళానికి చెందిన పెద్ద హెలికాప్టర్, సికోర్‌స్కీ ఎస్-92, పేషెంట్‌తో దిగింది. రోటర్ కిందికి తోసిన గాలికి పక్కనే ఉన్న కార్ పార్క్‌లో జనం పడిపోయారు. ఒక పెద్దావిడ చనిపోయారు, ఇంకొకరికి తీవ్రంగా గాయాలయ్యాయి. వాళ్లు ఆసుపత్రికి వచ్చిన మామూలు మనుషులు. మీ ఆసుపత్రుల హెలిప్యాడ్ల పక్కన ఏముందో, హెలికాప్టర్ వస్తుందని అక్కడి సెక్యూరిటీకి ఫోన్ చేసేది ఎవరో కూడా ఆ కాగితంలోనే రాయండి. ఆ ఫోన్ వెళ్లేది మళ్లీ కంట్రోల్ రూము నుంచే.

ఇక పోలీసు వైపు. తప్పిపోయిన వృద్ధుడిని రాత్రి పొలాల్లో థర్మల్ కెమెరాతో వెతకడం, వేగంగా పారిపోతున్న కారును పైనుంచి చూస్తూ కింద పోలీసు బండ్లను వెనక్కి తగ్గమనడం, వరదలో మేడల మీద ఎవరున్నారో చూడటం, ఇవన్నీ నిజంగా ప్రాణాలు కాపాడే పనులు. కానీ ఖాళీగా ఉన్న హెలికాప్టర్‌కు ఎప్పుడూ ఏదో ఒక పని దొరుకుతుంది. లాస్ ఏంజిలిస్ నగర ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కంట్రోలర్ 2023 డిసెంబర్‌లో పోలీసు హెలికాప్టర్లపై ఆడిట్ బయటపెట్టారు. ఏడాదికి ఖర్చు సుమారు 4.66 కోట్ల డాలర్లు. ఎగిరిన సమయంలో 61 శాతం అంత ముఖ్యం కాని పనులకే పోయింది, వాటిలో గస్తీ, ప్రయాణాలు, వేడుకల మీద ఎగరడం లాంటివి ఉన్నాయి. ఎందుకు లేచింది అన్న గడి లాగ్‌బుక్‌లో ఉంటేనే ఇలాంటి లెక్క బయటికొస్తుంది. మీ లాగ్ ప్రతి నెలా ప్రజలకు కనబడేలా పెట్టండి. రాత్రి ఇంటి మీద చప్పుడు భరించేవాళ్లకు, పెరట్లోకి కెమెరా చూసిందేమోనని అనుమానపడేవాళ్లకు ఆ మాత్రం చెప్పాలి కదా.

చూసి రావడమే పనైతే ఇప్పుడు డ్రోన్లున్నాయి. కాలిఫోర్నియాలోని చులా విస్టా పోలీసులు 2018 నుంచి ఎమర్జెన్సీ కాల్ రాగానే డ్రోన్ పంపుతున్నారు, కొన్నిసార్లు పోలీసులు వెళ్లే పనే ఉండదు. కాకపోతే ఎయిర్ అంబులెన్స్ దిగబోయే చోట డ్రోన్ ఉంటే పైలట్ వెనుదిరగాల్సి వస్తుంది, అది పోలీసులదైనా సరే. డ్రోన్ నడిపేవాళ్లనూ హెలికాప్టర్ పంపేవాళ్లనూ వేర్వేరు భవనాల్లో కూర్చోబెట్టకండి.

2013 నవంబర్ 29 రాత్రి స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పోలీసు హెలికాప్టర్ ఒకటి క్లూథా అనే పబ్ మీద కూలింది. లోపలి ముగ్గురు, పబ్‌లో ఏడుగురు చనిపోయారు. మెయిన్ ట్యాంకులో ఇంధనం ఉంది, ఇంజిన్లకు అందించే చిన్న ట్యాంకుల్లోకి పంపే పంపులు ఆఫ్‌లో ఉన్నాయి. ఇంధనం తగ్గుతోందన్న హెచ్చరికలు వచ్చాయని దర్యాప్తులో తేలింది. ఆ రాత్రి ఆ హెలికాప్టర్ ఒక పని తర్వాత ఇంకో పని చూసుకుంటూ తిరిగి వస్తోంది. పనులు అప్పజెప్పినవాళ్ల తప్పని దర్యాప్తు అనలేదు, నేనూ అనను. కానీ "ఎలాగూ దారిలోనే ఉన్నారు, ఇదొకటి చూసి వెళ్లండి" అన్న మాట కంట్రోల్ రూముల్లో ఎంత తేలిగ్గా వస్తుందో నాకు తెలుసు. ఆ మాటకు ఒక హద్దు రాసిపెట్టాలి. దారిలో పని చేర్చే ముందు ఇంధనం ఎంతుందని అడిగి, జవాబు రికార్డు చేయాలి.

డబ్బు ఎలా ఇస్తారన్నదాన్ని బట్టి కూడా హెలికాప్టర్ లేవడం, లేవకపోవడం ఉంటుంది. ట్రిప్‌కు ఇంతని కాంట్రాక్ట్ ఇస్తే నడిపేవాడికి ట్రిప్పులు కావాలి. అమెరికాలో ఎయిర్ అంబులెన్స్ బిల్లులు కుటుంబాలను ఎంత దెబ్బతీశాయంటే, అనుకోని బిల్లుల నుంచి కాపాడటానికి తెచ్చిన చట్టంలో వాటిని చేర్చారు. అది 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. స్విట్జర్లాండ్‌లో 1952లో పుట్టిన రేగా అనే ఎయిర్ అంబులెన్స్ సంస్థకు ఏటా కొంత చెల్లించే లక్షల మంది మద్దతుదారులు అండ. మీరు ఏ దారి పట్టినా, చెల్లింపు సిద్ధంగా ఉన్నందుకు ఇవ్వండి, ఎగిరినందుకు కాదు. మంచు పట్టిన రాత్రి నేల మీదే ఉండిపోయిన హెలికాప్టర్‌కూ ఆ రాత్రి డబ్బు రావాలి.

చివరగా అందరికీ తెలిసి ఎవరూ ఫైలులో రాయని సంగతి. నేను డ్యూటీలో ఉన్న ఒక రోజు దూరప్రాంతం నుంచి ప్రమాదం కాల్ వచ్చింది. హెలికాప్టర్ అడిగితే, ఒక పెద్దమనిషిని కార్యక్రమానికి దించడానికి వెళ్లిందన్నారు. రోడ్డు మీద అంబులెన్స్ పంపాను. గాయపడిన మనిషి బతికాడు, కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. రిజిస్టర్‌లో ఆ హెలికాప్టర్ "అందుబాటులో లేదు" అని మాత్రమే ఉంది. ఎందుకు లేదో రాయడానికి గడి లేదు.

పెద్దల ప్రయాణాలకు హెలికాప్టర్ కావాలంటే విడిగా కొనుక్కోండి, ఆ ఖర్చు ఆ పేరు మీదే చూపించండి. ఎయిర్ అంబులెన్స్‌ను ఇతర పనికి పంపే అధికారం ఏ హోదాకూ ఉండకూడదు. విపత్తులాంటి తప్పనిసరి సందర్భం వస్తే, పంపిన మనిషి పేరు, సమయం, కారణం ఆ రోజే నమోదు కావాలి.

మీ కాగితం సిద్ధమయ్యాక ముందు పత్రికలకు కాకుండా మీ కంట్రోల్ రూములో రాత్రి షిఫ్ట్ వాళ్లకు ఇవ్వండి. ఒకేసారి మూడు కాల్స్ వచ్చిన ఏదైనా పాత రాత్రిని ఎంచుకుని, ఈ కాగితం ప్రకారం హెలికాప్టర్ ఎటు వెళ్లేదో చెప్పమనండి. వాళ్లు చెప్పలేకపోతే టెండర్ ఇంకొన్నాళ్లు ఆపి, ఆ డబ్బులో కొంత రోడ్డు అంబులెన్సులకు, ఆ బల్ల దగ్గర కూర్చునే పారామెడిక్‌లకు పెట్టండి.

ఇట్లు,
కంట్రోల్ రూములో పనిచేసి వచ్చిన ఒక పౌరుడు